గాజు గొట్టంలో వలయాలు, కిడ్నీలో రాళ్ళు: మెగ్నీషియం మాత్రలు కొనాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తాడిపత్రి. మా ఆయనకు నలభై మూడేళ్ళు, నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని. మూడేళ్ళలో రెండుసార్లు కిడ్నీలో రాయి వచ్చింది. మొదటిది దానంతటదే పడిపోయింది. రెండోది ఏడు మిల్లీమీటర్లుందని లేజర్‌తో తీశారు. ఆ ముక్కల్ని ల్యాబ్‌కు పంపిస్తే ‘ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్’ అని రిపోర్టు వచ్చింది. అందులో కాల్షియం అనే మాట చూసినప్పటి నుంచి ఇంట్లో పాలు, పెరుగు, సంగటి బంద్ చేశాను. పదిహేనేళ్ళ మా పాపకు కూడా ఈ జబ్బు రాకూడదని తనకూ పాలు మాన్పించాను. బోరు నీళ్ళ వల్లే వచ్చిందని పక్కింటివాళ్ళు, రాళ్ళ దుమ్ము మింగడం వల్ల వచ్చిందని మా అత్తగారు అంటారు. రాగి బాటిల్లో నీళ్ళు తాగితే రాళ్ళు కరుగుతాయని ఫోన్లో వీడియో చూసి అదీ కొన్నాం. ఇప్పుడు మా అక్క కొడుకు కొత్త సంగతి చెప్తున్నాడు. వాడు అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. వాళ్ళ ల్యాబ్‌లో గాజు గొట్టాల్లో జెల్ పోసి, కిడ్నీ రాళ్ళలో ఉండే స్ఫటికాలను పెంచారట. మామూలు గొట్టంలో తెల్లటి వలయాలు వరసగా వచ్చాయట. మెగ్నీషియం కలిపిన గొట్టంలో తగ్గిపోయాయట. జింకు, రాగి కలిపితే ఆకారమే మారిపోయిందట. ఫోటోలు కూడా చూపించాడు. ‘చిన్నమ్మా, చిన్నాయనకు మెగ్నీషియం, జింకు మాత్రలు మొదలుపెట్టు’ అంటున్నాడు. మెడికల్ షాపులో రెండూ దొరుకుతున్నాయి. వేయమంటారా?
ఒక ఇల్లాలు, తాడిపత్రి

సమాధానం: అమ్మా, మాత్రలు ఇప్పుడే కొనకండి. పాలు, పెరుగు మాత్రం ఈ రోజు నుంచే మళ్ళీ మొదలుపెట్టండి, ఆయనకూ, పాపకూ. ఈ రెండు మాటలకూ కారణం ఒక్కటే. కాల్షియమైనా మెగ్నీషియమైనా, ఆక్సలేటును (ఆకుకూరల్లాంటి తిండిలో ఉండి, కాల్షియంతో కలిస్తే రాయి కట్టే పదార్థం) ఒంట్లో ఎక్కడ కలుస్తుందనే దాన్ని బట్టే మేలో కీడో చేస్తుంది. అది అర్థం కావాలంటే మీ అక్క కొడుకు గొట్టం దగ్గరికే పోవాలి. ఆ పిల్లవాడు చూసింది నిజం. చూసినదాన్ని తిన్నగా చిన్నాయన ఒంట్లోకి తీసుకుపోవడంలోనే చిక్కంతా ఉంది.

ఆ ప్రయోగం ఇలా చేస్తారు. సోడియం సిలికేటు ద్రావణంలో ఆక్సాలిక్ ఆమ్లం తగు పాళ్ళలో కలిపి టెస్ట్ ట్యూబులో పోసి వదిలేస్తారు. కొన్నాళ్ళకు అది గట్టిపడి, ట్యూబు వంచినా జారని జెల్ అవుతుంది. దాని మీద కాల్షియం క్లోరైడు ద్రావణాన్ని గాజు గోడ వెంట చుక్క చుక్కగా, జెల్ పైభాగం చెదరకుండా పోస్తారు. ఇక ఆ ట్యూబును కదపకూడదు. కాల్షియం అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) జెల్‌లోకి మెల్లగా దిగుతూ ఆక్సలేటును కలుస్తాయి. కలిసినంత మాత్రాన స్ఫటికం పుట్టదు, ఆ రెండింటి గాఢత ఒక హద్దు దాటాలి. దాటిన చోట ఒక్కసారిగా లెక్కలేనన్ని స్ఫటికాలు పుట్టి, చుట్టుపక్కలున్న ఆక్సలేటునంతా లాగేసుకుంటాయి. అందుకే ఆ తెల్లటి పట్టీ కింద కొంత మేర ఖాళీగా కనిపిస్తుంది. కాల్షియం ఇంకా కిందికి దిగి, ఆక్సలేటు ఖర్చు కాని చోట మళ్ళీ హద్దు దాటితే ఇంకో పట్టీ. కిందికి పోయేకొద్దీ పట్టీకీ పట్టీకీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. వీటినే లీసెగాంగ్ వలయాలు అంటారు. 1896లో రాఫేల్ లీసెగాంగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, డైక్రోమేటు కలిపిన జెలటిన్ పొర మీద సిల్వర్ నైట్రేటు చుక్క వేసి ఇలాంటివి గమనించాడు.

ఇందులో మరో లోహాన్ని చేరిస్తే ఏమవుతుందనేది అసలు ఆసక్తికరమైన భాగం. మెగ్నీషియం ఆక్సలేటును పట్టుకుంటుంది, కానీ ఆ జంట నీళ్ళలో కాల్షియం ఆక్సలేటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కరుగుతుంది. అంటే కాల్షియానికి దొరకాల్సిన ఆక్సలేటులో కొంత మెగ్నీషియం చేతిలో చిక్కుకుని ఉండిపోతుంది. హద్దు దాటడం ఆలస్యమవుతుంది, పట్టీలు పలచబడతాయి. కొన్ని అయాన్లు ఇంకో పని చేస్తాయి. పెరుగుతున్న స్ఫటికం అంచుల్లో కొత్త పొర వచ్చి అతుక్కునే చోట్లలో అవి ముందే కూర్చుంటాయి. ఆ ముఖం పెరగడం నెమ్మదించి పక్క ముఖాలు పెరుగుతాయి, దాంతో ఆకారం మారుతుంది. స్ట్రాంషియం లాంటి లోహమైతే కాల్షియానికి దగ్గరి చుట్టం కాబట్టి దాని స్థానంలోనే దూరిపోగలదు. రాగి, జింకుల సంగతి వేరు. వాటి ఆక్సలేట్లే నీళ్ళలో దాదాపు కరగవు. కాబట్టి అవి కాల్షియంతో పోటీపడి ఆక్సలేటును తమతో కిందికి దించేస్తాయి. మీ అక్క కొడుకును అడగండి, రాగి కలిపిన గొట్టంలో లేత నీలం రంగు పొడి కనిపించిందా అని. కనిపించి ఉంటే అది చాలావరకు కాపర్ ఆక్సలేటే. ‘కాల్షియం ఆక్సలేటు ఆకారం మారింది’ అని ప్రాజెక్టులో రాసేముందు ఆ పొడి ఏమిటో పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇప్పుడు మూత్రం సంగతి. అతని ల్యాబ్‌లో వాడే ద్రావణాలు సాధారణంగా అర మోలార్, ఒక మోలార్ గాఢతలో, అంటే లీటరుకు ఐదు వందల నుంచి వెయ్యి మిల్లీమోల్‌లు ఉంటాయి. మూత్రంలో కాల్షియం గాఢత లీటరుకు మూడు నాలుగు మిల్లీమోల్‌ల దగ్గర ఉంటుంది, అంటే వందల రెట్లు పలచన. పైగా మూత్రం నిలిచి ఉండదు, కదులుతూ ఉంటుంది. అందులో సిట్రేటు (నిమ్మ పులుపు జాతి పదార్థం), కొన్ని ప్రొటీన్లు ముందే ఉండి స్ఫటికాలు పెరగకుండా కొంత కాపలా కాస్తాయి. నిజానికి మన అందరి మూత్రంలోనూ కాల్షియం, ఆక్సలేటు కరగగల హద్దు దాటే ఉంటాయి. స్ఫటికాలు అప్పుడప్పుడు పుడుతూనే ఉంటాయి, పెద్దవయ్యే లోపే బయటికి పోతాయి. రాయి కట్టాలంటే అవి లోపల ఎక్కడో అంటుకుని నిలవాలి. 1937లో అలెగ్జాండర్ రాండాల్ అనే అమెరికన్ యూరాలజిస్టు (మూత్ర వ్యవస్థ డాక్టరు) కిడ్నీ లోపలి మొనల మీద కాల్షియం ఫాస్ఫేటు మచ్చలుంటాయని, వాటిని పట్టుకుని రాళ్ళు పెరుగుతాయని చూపించాడు. తీసిన రాయిని కోస్తే పొరలు పొరలుగా కనిపించడం మీ అక్క కొడుకు కూడా ఫోటోల్లో చూసి ఉంటాడు. ఆ పొరలన్నీ గొట్టంలోని వలయాలే అనుకోనక్కర్లేదు. నీళ్ళు తాగిన రోజులు, తాగని రోజులు, ఎండాకాలం, తిండిలో తేడాలు, ఇవన్నీ కూడా పొరలై మిగులుతాయి.

ఇక రాగి ఎంతుంటుందో చూడండి. రోజు మొత్తం మూత్రంలో కాల్షియం 200 మిల్లీగ్రాములు పోతుందనుకుంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలో రాగి 50 మైక్రోగ్రాముల అటూ ఇటూగా పోతుంది. నాలుగు వేల రెట్ల తేడా. ఒంట్లో ఎక్కువైన రాగిని బయటికి పంపే పని ప్రధానంగా కాలేయానిది, పిత్తంతో పంపిస్తుంది. మీరు రాగి బాటిల్లో ఎన్ని నీళ్ళు తాగినా కిడ్నీ దాకా చేరేది గొట్టంలో పోసినదానికి దరిదాపుల్లో కూడా ఉండదు. రాళ్ళు కరుగుతాయని వీడియో పెట్టినవాళ్ళకు బాటిళ్ళు అమ్ముడుపోవడమే కావాలి. కొన్న బాటిల్ పారేయనక్కర్లేదు, మంచినీళ్ళకు వాడుకోండి. నిమ్మరసం, మజ్జిగ, చింతపండు నీళ్ళు మాత్రం అందులో పోయకండి. పులుపుకు రాగి ఊడి నీళ్ళలో కలుస్తుంది, కడుపులో తిప్పుతుంది. రాళ్ళకోసమని అందులో నిమ్మకాయ పిండుకుని తాగేవాళ్ళున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

జింకు కూడా మూత్రంలో రోజుకు అర మిల్లీగ్రాము అటూ ఇటూ. లోపం ఉందని డాక్టరు చెప్తే తప్ప వేసుకోకూడదు. నెలల తరబడి ఎక్కువ మోతాదులో వాడితే ఒంటికి అందాల్సిన రాగిని అందనీయదు, రక్తహీనత కూడా రావచ్చు.

మెగ్నీషియాన్ని అంత తేలిగ్గా కొట్టేయలేం. అది మూత్రంలో రోజుకు వంద మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఆక్సలేటును పట్టుకునే గుణమూ నిజమే. మనుషుల్లో పరీక్షించి చూశారు కూడా. 1988లో అమెరికాలో ఎటింగర్ బృందం మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఇచ్చి చూస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే పెద్ద మేలేమీ కనబడలేదు. అదే ఎటింగర్ 1997లో పొటాషియం, మెగ్నీషియం, సిట్రేటు మూడూ కలిసిన మందును 64 మందిలో మూడేళ్ళ దాకా పరీక్షించాడు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 63.6 శాతం మందికి కొత్త రాళ్ళు వస్తే, మందు వేసుకున్నవాళ్ళలో 12.9 శాతం మందికే వచ్చాయి. గొట్టంలో మెగ్నీషియం ఒక్కటే గెలిచింది, మనిషిలో సిట్రేటు తోడుంటే గానీ గెలవలేదు. ఎందుకంటే సిట్రేటు మూత్రంలో కాల్షియాన్ని పట్టుకుంటుంది, స్ఫటికం పెరగడాన్నీ అడ్డుకుంటుంది. మెడికల్ షాపులో దొరికే మెగ్నీషియం మాత్రల్లో ఆక్సైడు, హైడ్రాక్సైడు రకాలు విరేచనాలు తెప్పించగలవు. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీళ్ళు తగ్గి, మూత్రం చిక్కబడి, తగ్గాలనుకున్న జబ్బే పెరుగుతుంది. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళలో మెగ్నీషియం, పొటాషియం రెండూ ఒంట్లో పేరుకుని ప్రమాదం తెస్తాయి. కాబట్టి సిట్రేటు మందు అవసరమా కాదా అన్నది క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష చూసి యూరాలజిస్టు తేల్చాల్సిన మాట.

ఇప్పుడు మీరు బంద్ చేసిన పెరుగు దగ్గరికి వద్దాం. తిన్న తిండిలోని ఆక్సలేటు, తిన్న తిండిలోని కాల్షియం పేగులో కలిస్తే అక్కడే కరగని కాల్షియం ఆక్సలేటు అవుతుంది. అది రక్తంలోకి రాదు, మలంతో పోతుంది. దొంగను ఊరి పొలిమేరలోనే పట్టుకున్నట్టు. మీరు పాలు, పెరుగు, సంగటి మాన్పించినప్పుడు పేగులో ఆక్సలేటును పట్టుకునేవాళ్ళు లేకుండా పోయారు. అది స్వేచ్ఛగా రక్తంలోకి ఎక్కి, కిడ్నీకి చేరి, అక్కడున్న కాల్షియాన్ని కలుస్తుంది. అణువుల లెక్కన చూస్తే మూత్రంలో ఆక్సలేటు కంటే కాల్షియం పదింతలకు పైనే ఉంటుంది. తక్కువగా ఉన్నది ఆక్సలేటు కాబట్టి అది కాస్త పెరిగినా రాయి కట్టే అవకాశం తొందరగా పెరుగుతుంది.

మీ ఆయన రిపోర్టులోని ‘మోనోహైడ్రేట్’ అన్న మాటను ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. కాల్షియం ఆక్సలేటు రాళ్ళలో ముఖ్యంగా రెండు రకాలు. మైక్రోస్కోపులో పోస్టు కవరు ఆకారంలో కనిపించేది డైహైడ్రేట్. కోలగా, కొన్నిసార్లు డంబెల్ ఆకారంలో ఉండేది మోనోహైడ్రేట్, ఇది గట్టి రాయి. మూత్రంలో కాల్షియం బాగా ఎక్కువగా పోయేవాళ్ళలో డైహైడ్రేట్ ఎక్కువగా కనిపిస్తుంది. ఆక్సలేటు ఎక్కువైనా, నీళ్ళు తక్కువై మూత్రం చిక్కబడినా మోనోహైడ్రేట్ వైపు మొగ్గుతుంది. ఇది తప్పకుండా ఇలాగే ఉండాలనే చట్టం కాదు గానీ మంచి ఆనవాలు. అంటే మీ చేతిలో ఉన్న కాగితం ఆక్సలేటు వైపో నీళ్ళ వైపో వేలు చూపిస్తుంటే, మీరు కాల్షియం మీద పడ్డారు. మీ తప్పేమీ లేదమ్మా, ఆ పేరు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. చాలా కాలం డాక్టర్లు కూడా కాల్షియం తగ్గించమనే చెప్పేవాళ్ళు.

ఆ అలవాటును మార్చిన అధ్యయనాలు రెండు చెప్తాను. 1993లో అమెరికాలో 45,619 మంది మగవాళ్ళ తిండిని, రాళ్ళను గమనించి కర్హాన్ బృందం లెక్క తీసింది. తిండిలో కాల్షియం ఎక్కువగా తిన్నవాళ్ళకు రాళ్ళు మూడో వంతు తక్కువగా వచ్చాయి. 2002లో ఇటలీలో బోర్గి బృందం, మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతూ మళ్ళీ మళ్ళీ రాళ్ళు వచ్చే 120 మందిని రెండు సగాలు చేసింది. సగం మందికి కాల్షియం తగ్గించిన తిండి, మిగతా సగానికి మామూలు కాల్షియం ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన తిండి. ఐదేళ్ళకు మొదటి సగంలో 23 మందికి, రెండో సగంలో 12 మందికి రాళ్ళు తిరిగొచ్చాయి. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయేవాళ్ళకే పెరుగు మాన్పించడం పనికిరాలేదంటే, మీ ఆయనకు మాన్పించి సాధించేదేముంది?

పెద్దవాళ్ళకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. దాన్ని మాత్రల్లో వేసుకోకుండా తిండిలోనే, ముఖ్యంగా భోజనంతో పాటు తీసుకోవాలి. మధ్యాహ్నం సంగటో అన్నమో తిన్నాక ఒక కప్పు పెరుగు, రాత్రి మళ్ళీ మజ్జిగ. రాగిపిండిలో వంద గ్రాములకు మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, కొంత ఆక్సలేటూ ఉంటుంది. పెరుగుతోనో మజ్జిగతోనో తింటే సంగటికి భయపడాల్సిన పని లేదు. ఆక్సలేటు నిజంగా దండిగా ఉండేవి పాలకూర, తోటకూర, బచ్చలి, బీట్‌రూట్, జీడిపప్పు, బాదం. పాలకూరను ఆయన కంచంలో కొన్నాళ్ళు మానేయండి. తోటకూర ఎప్పుడైనా వండితే ఉడికించిన నీళ్ళు పారబోసి, ఆ పూట పెరుగు తప్పకుండా పెట్టండి. బుడ్డలు (వేరుశనగలు) పిడికెడు తింటే పరవాలేదు, సాయంత్రం పూట సేరు వేయించుకుని కూర్చోవడమే వద్దు. టమాటా గింజలే కిడ్నీలో రాళ్ళవుతాయని మన వైపు గట్టి నమ్మకం. టమాటాలో ఆక్సలేటు చాలా తక్కువ, నిశ్చింతగా వేసుకోండి. సి విటమిన్ మాత్రలు రోజూ చప్పరించే అలవాటుంటే మాత్రం మాన్పించండి. ఎక్కువైన సి విటమిన్‌లో కొంత ఒంట్లో ఆక్సలేటుగా మారుతుంది.

మీ ఉత్తరంలో కాల్షియం, మెగ్నీషియం, జింకు, రాగి అన్నీ ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా మీ ఇంట్లోకి వచ్చే లోహం పేరు మాత్రం లేదు. సోడియం. అది రోజూ ఉప్పు డబ్బాలోంచి వస్తుంది. కిడ్నీ సన్నటి నాళాల్లో సోడియాన్నీ కాల్షియాన్నీ చాలావరకు ఒకే దారిలో వెనక్కి తీసుకుంటుంది. ఎక్కువైన సోడియాన్ని బయటికి వదలాల్సి వచ్చినప్పుడు కాల్షియమూ దానితో పాటు పోతుంది. రోజుకు ఆరు గ్రాముల ఉప్పు, అంటే ఇంచుమించు ఒక టీ స్పూను, అదనంగా తింటే మూత్రంలో కాల్షియం సుమారు 40 మిల్లీగ్రాములు పెరుగుతుంది. ఉప్పు ఎక్కువైతే సిట్రేటు కూడా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. పొద్దున ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నం ఊరగాయ, మజ్జిగలోకి ఊరమిరపకాయ, సాయంత్రం మిక్చర్ పొట్లం, ఇంతే, లెక్క దాటిపోయింది. కూరలో ఉప్పు మొత్తం తీసేయమనను, అలా చేస్తే నాలుగు రోజులు కూడా జరగదు. ఊరగాయను ఆదివారానికి పెట్టండి, మజ్జిగలో ఉప్పు వేయడం మానండి, కంచం పక్కన ఉప్పు పెట్టకండి. మాంసం వారానికి ఒకటి రెండుసార్లు మించనీయకండి. అది మూత్రంలో పులుపు పెంచి సిట్రేటును తగ్గిస్తుంది.

సిట్రేటు పెంచే తిండి మీ జిల్లాలోనే బోలెడు. అనంతపురం చీనీ (బత్తాయి) కాయలకు పెట్టింది పేరు. చక్కెర కలపని చీనీ రసం, నిమ్మకాయ పిండిన నీళ్ళు రోజూ తాగొచ్చు, షుగర్ జబ్బుంటే రసం వదిలి నిమ్మనీళ్ళే తాగాలి. నిమ్మనీళ్ళలో ఉప్పు మాత్రం వేయకండి. సోడా బండి దగ్గర ఉప్పు దట్టించి ఇచ్చే నిమ్మసోడా లెక్కలోకి రాదు.

నీళ్ళ గురించి అందరూ చెప్తారు, మీకూ చెప్పే ఉంటారు. ఎంత అన్నదే సరిగా చెప్పరు. తాగింది లెక్కపెట్టకండి, పోసింది లెక్కపెట్టండి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోవాలి. బోర్గి బృందమే 1996లో, మొదటిసారి రాయి వచ్చిన 199 మందిలో సగానికి రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగమంది. ఐదేళ్ళలో వాళ్ళలో 12 శాతానికి, మామూలుగా ఉన్నవాళ్ళలో 27 శాతానికి రాళ్ళు తిరిగొచ్చాయి. ఏ మందూ లేకుండా, వట్టి నీళ్ళతో. తాడిపత్రిలో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో, కోత మిషన్ల దగ్గర నిలబడే మనిషికి తాగింది సగం చెమటకే పోతుంది. మూడు లీటర్లు తాగినా మూత్రం లీటరు రాకపోవచ్చు. ఫ్యాక్టరీలో మరుగుదొడ్డి సరిగా లేక, మాటిమాటికీ పని వదిలి పోలేక నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు ఎందరో. మీ ఆయనకూ అదే అలవాటేమో అడగండి. పనిలోకి పోయేముందు అర లీటరు, రెండు లీటర్ల బాటిల్ వెంట, ఇంటికొచ్చాక మళ్ళీ, పడుకునే ముందు ఒక గ్లాసు. రాత్రి ఒకసారి లేవాల్సి రావడం మంచి గుర్తే, లేచినప్పుడు ఇంకో గ్లాసు తాగి పడుకోవాలి.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది. ఆ పని వల్ల జబ్బు వచ్చి ఉండొచ్చు, దుమ్ము మింగడం వల్ల కాదు, చెమట వల్ల. తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల నాపరాళ్ళు సున్నపురాయి జాతివి, అందులో ఉండేది కాల్షియం కార్బొనేటు. మనుషుల కిడ్నీలో కాల్షియం కార్బొనేటు రాళ్ళు కట్టడం ఎంతో అరుదు. ఆ దుమ్ముకు భయపడాల్సింది ఊపిరితిత్తుల కోసం, ముక్కుకు మాస్కు కట్టుకోమనండి. బోరు నీళ్ళ సంగతీ దాదాపు అంతే. సున్నపురాయి నేలలో నీళ్ళు గట్టిగా ఉంటాయి, కాచిన గిన్నెలో తెల్లటి పొర కడతాయి. ఆ పొరా కార్బొనేటే, కిడ్నీ రాయితో దానికి పోలిక లేదు. గట్టి నీళ్ళు తాగితే మూత్రంలో కాల్షియం కొంచెం పెరుగుతుంది, మెగ్నీషియం, సిట్రేటు కూడా పెరుగుతాయి. గట్టి నీళ్ళ వల్లే రాళ్ళు వస్తాయని నమ్మకంగా తేలలేదు. అయినా బోరు నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి, రాళ్ళ కోసం కాదు, ఫ్లోరైడు కోసం. అనంతపురం జిల్లాలో అదే అసలు బాధ. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మొత్తం గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు, వేరే దారి లేకపోతే 600 దాకా. ఫ్లోరైడు ఎక్కువుంటే క్యాన్ నీళ్ళే తాగండి. క్యాన్ నీళ్ళను శుద్ధి చేసేటప్పుడు కాల్షియం కూడా పోతుంది కాబట్టి పెరుగు అవసరం ఇంకా పెరుగుతుంది.

ఉలవల కషాయం, అరటి దూట, కొండపిండి ఆకు గురించి మీరు అడగలేదు గానీ, ఇది చదివే వాళ్ళు అడుగుతారు. ఆ రసాలు కూడా జెల్ గొట్టాల్లో స్ఫటికాలను తగ్గిస్తాయని ప్రయోగాలు చేసి చూపిస్తుంటారు. గొట్టం గురించి పైన చెప్పిందే వాటికీ వర్తిస్తుంది. ఉలవచారు ఉప్పు తక్కువ వేసుకుని తాగండి, వద్దనను. డాక్టరు మందు మానేసి కషాయం మీదే ఉండిపోవడం మాత్రం వద్దు.

పాప విషయంలో మీ భయం అర్థమవుతుంది. ఇంట్లో ఒకరికి రాళ్ళుంటే మిగతావాళ్ళకు వచ్చే అవకాశం కొంత ఎక్కువే. కానీ పదిహేనేళ్ళ ఆడపిల్లకు ఎముకలు గట్టిపడే వయసు ఇదే, రోజుకు వెయ్యి మిల్లీగ్రాములకు తగ్గకుండా కాల్షియం కావాలి. ఆ పిల్ల చేయాల్సిందల్లా స్కూల్లో నీళ్ళు తాగడం, చిప్స్ తగ్గించడం. చాలా స్కూళ్ళలో ఆడపిల్లలు బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని పొద్దున్నుంచీ నోరు తడుపుకోరు. అది ఒకసారి మెల్లగా అడిగి చూడండి.

యూరాలజిస్టు దగ్గరికి ఈసారి పోయినప్పుడు రాయి రిపోర్టు తప్పకుండా తీసుకుపోండి. మూడేళ్ళలో రెండుసార్లు వచ్చింది కాబట్టి రక్తంలో కాల్షియం, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ చూడమని అడగండి. రక్తంలో కాల్షియం ఎక్కువుంటే పారాథైరాయిడ్ హార్మోను కూడా చూస్తారు. మెడలోని ఆ చిన్న గ్రంథి అతిగా పనిచేస్తుంటే, తిండి ఎంత మార్చినా రాళ్ళు ఆగవు. ఈలోపల నడుము నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, వాంతులతో నీళ్ళు కూడా నిలవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. రాయి అడ్డుపడి, పైన చీము పడితే గంటల లెక్కే.

అసలైన పరీక్ష 24 గంటల మూత్ర పరీక్ష. అందులో కాల్షియం, ఆక్సలేటు, సిట్రేటు, సోడియం, యూరిక్ యాసిడ్, మొత్తం ఎంత పోసిందీ అన్నీ తెలుస్తాయి. మెగ్నీషియం కూడా చూడగల ల్యాబులున్నాయి. అది తక్కువని కాగితం మీద కనబడితే అప్పుడు మీ అక్క కొడుకు మాటను డాక్టరు ముందు పెట్టండి, తప్పేమీ లేదు. లేజర్ చేసిన ఆరు వారాల లోపు ఈ పరీక్ష వద్దు. పొద్దున లేచి మొదటిసారి పోసింది పారబోసి, ఆ తర్వాత నుంచి మర్నాడు పొద్దున మొదటిది దాకా చుక్క వదలకుండా ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టాలి. అందరూ ఆదివారం పెట్టుకుంటారు, సెలవు కాబట్టి. ఆ రోజు ఆయన నీడపట్టున ఉండి, అడిగినప్పుడల్లా నీళ్ళు తాగి, చక్కగా రెండు లీటర్లు పోస్తాడు, రిపోర్టు బాగానే వస్తుంది. ఫ్యాక్టరీకి పోయే రోజున కూడా ఒకసారి చేయించండి. డబ్బా సంచిలో పెట్టుకుని పోవడానికి మొహమాటపడతాడు, మీరే నచ్చజెప్పాలి.